పగటి మిగులు, పొద్దుగూకితే దిగులు

2025 మే నెలలో కొన్ని మధ్యాహ్నాలు విద్యుత్‌ ఎక్స్చేంజిలో యూనిట్‌ ధర దాదాపు సున్నాకు పడిపోయింది. ముందుగా వచ్చిన వానలతో ఏసీల వాడకం తగ్గింది, సౌర, పవన విద్యుత్తు మాత్రం దండిగా వచ్చి పడింది. కొనే నాథుడు లేకపోయాడు. ఇదే ఎక్స్చేంజిలో ఉక్కపోత సాయంత్రాల్లో ధర కేంద్ర విద్యుత్‌ నియంత్రణ మండలి విధించిన గరిష్ఠానికి, అంటే యూనిట్‌ 10 రూపాయలకు వెళ్లి తగలడం కొత్తేమీ కాదు. ఎక్స్చేంజి రోజును 15 నిమిషాల చొప్పున 96 ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక్కో ధర కడుతుంది. ఏ గంట కరెంటు ఆ గంటకు వేరే సరుకని ఆ మార్కెట్‌ ఎప్పుడో గుర్తించింది. మన శాసనసభల్లో, టీవీ చర్చల్లో మాత్రం ఇప్పటికీ ‘యూనిట్‌ ఎంతకు కొన్నారు?’ అన్నదొక్కటే ప్రశ్న.

ఆ ప్రశ్న అడగొద్దని కాదు. దానితోనే ఆగిపోతే సగం లెక్కే తేలుతుంది. 2025 జూన్‌ నాటికి దేశ స్థాపిత విద్యుత్‌ సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదే అయింది. 2030 నాటికి చేరతామన్న చోటికి అయిదేళ్లు ముందే చేరాం. మరోవైపు 2024-25లో దేశంలో తయారైన కరెంటులో నూటికి 70 యూనిట్లకు పైగా బొగ్గు కాల్చి తీసినదే. రెండూ నిజాలే. మొదటిది యంత్రాల లెక్క, రెండోది ఆ యంత్రాలు నడిచిన గంటల లెక్క. పునరుత్పాదక విద్యుత్‌ లాభనష్టాలన్నీ ఈ రెండు లెక్కల మధ్యే ఉన్నాయి.

వెలుగు కావాలి, వేడి కాదు

సౌర విద్యుత్‌ తయారీ చూడటానికి చాలా సాదాసీదా వ్యవహారం. పలుచని సిలికాన్‌ బిళ్లకు ఒకవైపు ఫాస్ఫరస్‌, మరోవైపు బోరాన్‌ లేశమాత్రంగా కలుపుతారు. ఆ రెండు పొరలూ కలిసే చోట సహజంగానే ఒక విద్యుత్‌ క్షేత్రం ఏర్పడుతుంది. వెలుగు కణం వచ్చి తాకినప్పుడు సిలికాన్‌లోని ఎలక్ట్రాన్‌ విడివడుతుంది, ఆ క్షేత్రం దాన్ని ఒక దిక్కుకే నెడుతుంది. అలా పుట్టిన డీసీ కరెంటును ఇన్వర్టర్‌ ఏసీగా మార్చి సబ్‌స్టేషన్‌కు పంపుతుంది. తిరిగే భాగం లేదు, పొగ లేదు, బూడిద లేదు. 1954లో అమెరికాలోని బెల్‌ ల్యాబ్స్‌ తయారుచేసిన తొలి సిలికాన్‌ సెల్‌ తనపై పడిన వెలుగులో సుమారు 6 శాతాన్ని కరెంటుగా మార్చింది. ఇప్పుడు మార్కెట్లో దొరికే ప్యానెల్స్‌ 20 నుంచి 22 శాతం దాకా మారుస్తున్నాయి.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఎండ ఎంత మండితే కరెంటు అంత ఎక్కువ వస్తుందనుకుంటారు. ప్యానెల్‌కు కావలసింది వెలుగు, వేడి కాదు. దాని సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర లెక్కగట్టి లేబుల్‌ మీద రాస్తారు. ఆపైన పెరిగే ప్రతి డిగ్రీకీ 0.3 నుంచి 0.4 శాతం వరకు ఉత్పత్తి తగ్గుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో రాయలసీమ ఎండకు ప్యానెల్‌ ఉపరితలం 60 డిగ్రీలు దాటుతుంది. అంటే పదో వంతుకు పైగా అక్కడే ఆవిరి. ఆకాశం నిర్మలంగా, గాలి చల్లగా ఉండే మాఘ ఫాల్గుణాల్లోనే ప్యానెల్‌ బాగా పనిచేస్తుంది. పైగా దుమ్ము. వారాల తరబడి తుడవకపోతే ఉత్పత్తి పడిపోతుంది, తుడవాలంటే నీళ్లు కావాలి, ఆ నీళ్లు లేని చోటనే ఈ పార్కులన్నీ పెడుతున్నాం.

ఇక గంటల లెక్క. 1 మెగావాట్‌ యంత్రం ఏడాదంతా ఆగకుండా నడిస్తే 87.6 లక్షల యూనిట్లు రావాలి. మన దగ్గర 1 మెగావాట్‌ సౌర కేంద్రం ఇచ్చేది ఏడాదికి సుమారు 16, 17 లక్షల యూనిట్లు. అయిదో వంతు. రాత్రి ఉండదు, ఉదయం సాయంత్రం పలచగా ఉంటుంది, వానాకాలం మబ్బులు. అందుకే ‘వెయ్యి మెగావాట్ల సౌర పార్కు’ అన్న వార్త చదివి వెయ్యి మెగావాట్ల థర్మల్‌ కేంద్రంతో సమానం అనుకోకూడదు.

అయినా ధర విషయంలో సౌర విద్యుత్‌ సాధించింది మామూలు విషయం కాదు. 2010లో జాతీయ సోలార్‌ మిషన్‌ తొలి వేలంలో యూనిట్‌ 11, 12 రూపాయలు పలికింది. 2017 ఏప్రిల్‌లో కడప జిల్లా మైలవరం పార్కు వేలంలో అది 3 రూపాయల 15 పైసలకు దిగింది. మరుసటి నెలలోనే రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44కు, 2020 డిసెంబర్‌లో గుజరాత్‌ వేలంలో 2 రూపాయల కంటే కిందికి వెళ్లింది. కొత్తగా బొగ్గు కేంద్రం కట్టి ఈ ధరకు కరెంటు ఇవ్వడం ఎవరి తరమూ కాదు. కర్నూలు అల్ట్రా మెగా సోలార్‌ పార్కు ఈ పతనం మధ్యలోనే లేచింది. గని, శకునాల గ్రామాల పరిధిలో 5,900 ఎకరాలకు పైగా నేల, 40 లక్షల పైచిలుకు ప్యానెల్స్‌, 1,000 మెగావాట్లు. 2017లో పూర్తయినప్పుడు ప్రపంచంలోనే ఒకేచోట ఉన్న అతిపెద్ద సౌర పార్కుల్లో అది ఒకటి.

లోడ్‌ డిస్పాచ్‌ సెంటర్‌లో సాయంత్రం నాలుగు

మధ్యాహ్నం చవకగా వచ్చిన కరెంటు అసలు ఖరీదు సాయంత్రం నాలుగు తర్వాత, గ్రిడ్‌ను నడిపించే లోడ్‌ డిస్పాచ్‌ సెంటర్‌లో తెలుస్తుంది. పొద్దు వాలుతున్న కొద్దీ నిమిషనిమిషానికీ సౌర ఉత్పత్తి జారిపోతుంటుంది. రెండున్నర, మూడు గంటల్లో వేల మెగావాట్లు మాయం. సరిగ్గా అప్పుడే ఇళ్లలో దీపాలు, ఫ్యాన్లు, ఏసీలు, షాపుల బోర్డులు వెలుగుతాయి. పడిపోయిన దాన్ని, పెరిగిన దాన్ని కలిపి ఆ రెండు మూడు గంటల్లోనే ఎక్కడి నుంచో తేవాలి. తేవాల్సింది ఎక్కువగా బొగ్గు కేంద్రాల నుంచే. కానీ బొగ్గు బాయిలర్‌ను మధ్యాహ్నం ఆర్పేసి సాయంత్రం అంటించడం కుదరదు. చల్లారిన యూనిట్‌ మళ్లీ పూర్తి స్థాయికి రావడానికి గంటలు పడుతుంది. అందుకని సాయంత్రం కోసం మధ్యాహ్నం కూడా దాన్ని సన్నటి మంటపై నడిపిస్తూనే ఉండాలి. 2023లో కేంద్ర విద్యుత్‌ ప్రాధికార సంస్థ తెచ్చిన నిబంధనల ప్రకారం థర్మల్‌ యూనిట్లు 55 శాతం స్థాయికి దిగి నడవగలగాలి. క్రమంగా 40 శాతానికి దిగడం లక్ష్యం. రోజూ ఇలా దించుతూ ఎక్కిస్తూ పోతే బాయిలర్‌ గొట్టాలు త్వరగా అలసిపోతాయి, కిలో బొగ్గుకు వచ్చే కరెంటు తగ్గుతుంది.

ఈ ఖర్చు సౌర విద్యుత్‌ బిల్లులో కనిపించదు. సగం స్థాయిలో నడిచిన థర్మల్‌ కేంద్రానికి స్థిర ఛార్జీలు విద్యుత్‌ పంపిణీ సంస్థ (డిస్కం) కడుతుంది, తర్వాత ఇంధన సర్దుబాటు ఛార్జీ పేరుతోనో, పాత ఖర్చులను సరిచేసే ట్రూ-అప్‌ పేరుతోనో మన నెల బిల్లులో తేలుతుంది. ‘రెండున్నర రూపాయల కరెంటు వస్తుంటే మా బిల్లు ఎందుకు తగ్గలేదు?’ అని అడిగే వినియోగదారుడికి ఏ డిస్కం అధికారీ ఈ మాట సూటిగా చెప్పడు. తప్పు సూర్యుడిది కాదు. మధ్యాహ్నం యూనిట్‌నూ సాయంత్రం యూనిట్‌నూ ఒకే గాటన కట్టి సగటు చూపే లెక్కల పద్ధతిది.

ఇంకొకటి కూడా ఉంది. బొగ్గు, జల కేంద్రాల్లో వందల టన్నుల బరువున్న రోటర్లు తిరుగుతుంటాయి. ఎక్కడైనా ఒక పెద్ద యూనిట్‌ హఠాత్తుగా ఆగిపోతే, ఆ బరువైన చక్రాల జోరే గ్రిడ్‌ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్‌జ్‌ నుంచి ఒక్కసారిగా పడిపోకుండా కొన్ని క్షణాలు కాపాడుతుంది. ప్యానెల్స్‌కు అలాంటి చక్రం లేదు. ఉన్నది ఇన్వర్టర్‌. 2025 ఏప్రిల్‌ 28న స్పెయిన్‌, పోర్చుగల్‌ చీకట్లో మునిగినప్పుడు తప్పంతా సౌర విద్యుత్తుదేనని కొందరు అక్కడికక్కడే తీర్పు ఇచ్చేశారు. విచారణలో ముందుకొచ్చింది వోల్టేజీని అదుపు చేసే ఏర్పాట్ల లోపం. 2012 జులై 30, 31 తేదీల్లో మన ఉత్తర భారతం చీకటైనప్పుడు గ్రిడ్‌లో సౌర విద్యుత్‌ నామమాత్రం. గ్రిడ్‌ కూలడానికి ఒక వనరు మీద నెపం వేయడం తేలిక. గ్రిడ్‌ను నిలబెట్టే పరికరాలకు డబ్బు పెట్టడమే కష్టం.

రాత్రి మోటారు వేసిన రోజులు

సౌర విద్యుత్‌ వేళకు సరిగ్గా సరిపోయే అవసరం తెలుగు రాష్ట్రాల్లో ఒకటుంది. వ్యవసాయ బోర్లు. రెండు రాష్ట్రాల్లో కలిపి 40 లక్షలకు పైగా పంపుసెట్లున్నాయి. త్రీఫేజ్‌ కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చే రోజుల్లో రైతు ఒక చేత్తో టార్చిలైటు, ఇంకో చేత్తో కర్ర పట్టుకుని గట్ల మీద నడిచి వెళ్లి స్టార్టర్‌ పెట్టె తెరిచేవాడు. తడి చేతులు, తెగిన ఫ్యూజు తీగ, డబ్బా వెనక పాము. తెల్లారేసరికి ఏ ఊరి నుంచి ఏ వార్త వస్తుందోనన్న భయం రెండు తరాలకు తెలుసు. 2004లో ఉచిత విద్యుత్‌ వచ్చాక కూడా ఆ వేళలు మారలేదు, ఎందుకంటే డిమాండ్‌ తక్కువుండే రాత్రి కరెంటే వ్యవసాయానికి మిగిలేది.

సౌర విద్యుత్‌ వచ్చాక ఆ లెక్క తలకిందులైంది. ఇప్పుడు మిగిలేది పగలు. మడికి నీళ్లు మధ్యాహ్నం పెట్టినా సాయంత్రం పెట్టినా పైరుకు ఒకటే. అంటే బ్యాటరీ కొనకుండానే మిగులు కరెంటును పొలంలో నీళ్ల రూపంలో దాచుకోవచ్చు. పగటిపూట 9 గంటల సరఫరా అని ఆంధ్రప్రదేశ్‌ తీసుకున్న దారి ఈ లెక్కకు దగ్గరగా ఉంది. తెలంగాణ 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత సరఫరా ఇచ్చింది. రైతు ఆత్మగౌరవం కోణంలో అది గొప్ప నిర్ణయమే, కాదనలేం. అయితే ఆటోస్టార్టర్‌ పెట్టిన మోటారు అవసరమున్నా లేకున్నా రాత్రంతా నడిచి భూగర్భజలాన్ని తోడేస్తుంది. ఆటోస్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను బతిమాలుకోవాల్సి వచ్చింది. 2023 ఎన్నికల ముందు ‘ఎన్ని గంటలు’ అన్నది అంత పెద్ద రగడ అయ్యాక ఏ పార్టీ మళ్లీ ఆ జోలికి పోయే సాహసం చేయలేదు. నా మటుకు, రైతుకు కావలసింది 24 గంటలు కాదు, పగటిపూట ఆగకుండా వచ్చే 9 గంటలు. పీఎం-కుసుమ్‌ పథకంలో వ్యవసాయ ఫీడర్లకు సబ్‌స్టేషన్‌ దగ్గరే చిన్న సౌర కేంద్రాలు పెట్టే ఏర్పాటు ఉంది. దాన్ని గట్టిగా పట్టుకుంటే లైన్ల నష్టం, రాత్రి భారం రెండూ తగ్గుతాయి. ఒక్క షరతు: బోరు ఎంత తోడాలో చెప్పే లెక్క కూడా వెంట రావాలి. ఉచిత కరెంటుకు ఉచిత సూర్యుడు తోడైతే నీటిమట్టం గురించి పట్టించుకునేవాళ్లే ఉండరు.

గాలి మాట, ప్రభుత్వం మాట

ఉమ్మడి అనంతపురం జిల్లా రామగిరి గుట్టల మీద 1990ల్లోనే గాలిమరలు లేచాయి. గాలి రెక్కను నెడుతుంది, రెక్క షాఫ్ట్‌ను, షాఫ్ట్‌ జనరేటర్‌ను తిప్పుతుంది. అసలు కిటుకు గాలి వేగంలో ఉంది. వేగం రెట్టింపైతే దొరికే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. సెకనుకు 3 మీటర్ల లోపు గాలికి మర కదలదు, సుమారు 25 మీటర్లు దాటితే రక్షణ కోసం దానంతట అదే ఆగిపోతుంది. అందుకే స్తంభం ఎత్తు పెంచడానికి, ఒక గుట్ట కోసం కంపెనీలు పోటీ పడటానికి అంత ఆరాటం. ఎంత మంచి మర అయినా గాలిలోని శక్తిలో 59 శాతానికి మించి పట్టలేదని జర్మన్‌ శాస్త్రవేత్త బెట్జ్‌ వందేళ్ల కిందటే తేల్చాడు.

గాలికి సౌర విద్యుత్తుకు లేని సుగుణం ఒకటుంది. నైరుతి రుతుపవనాల కాలంలో, మబ్బులు ప్యానెల్స్‌ను కప్పేసినప్పుడే అది బాగా వీస్తుంది, రాత్రిపూట కూడా వీస్తుంది. రెండూ కలిపి పెడితే ఒకదాని లోటు ఇంకొకటి కొంత పూడుస్తుంది. కాని ఏడాది ఉత్పత్తిలో ఎక్కువ భాగం జూన్‌ నుంచి సెప్టెంబర్‌ లోపే వచ్చేస్తుంది. వేసవి సాయంత్రం ఏసీల డిమాండ్‌ తారస్థాయిలో ఉన్నప్పుడు గాలి ముఖం చాటేయవచ్చు.

పవన విద్యుత్‌ గురించి రాసేటప్పుడు 2019 ప్రస్తావన తప్పదు. ఆ ఏడాది జులైలో ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం పాత సౌర, పవన కొనుగోలు ఒప్పందాలను సమీక్షించడానికి సంప్రదింపుల కమిటీ వేసింది. యూనిట్‌ 4 రూపాయల 80 పైసలకు పైగా ఉన్న పవన విద్యుత్తును 2.43కు, సౌర విద్యుత్తును 2.44కు తగ్గించుకోవాలంది. కంపెనీలు హైకోర్టుకెళ్లాయి. 2022 మార్చిలో డివిజన్‌ బెంచ్‌ ఒప్పంద ధరే చెల్లించాలని తీర్పు ఇచ్చింది. పాత ధరలు వేలం లేకుండా నియంత్రణ మండలి నిర్ణయించినవి, అవి ఎక్కువేనన్న వాదనలో పస ఉంది. కానీ నాలుగేళ్ల కిందట పెట్టిన మరకు నిన్నటి ప్యానెల్‌ ధర కడతామనడం వ్యాపారం కాదు. ఇలాంటి చోట పెట్టుబడి పెట్టేవాడు తర్వాతి వేలంలో ఆ భయాన్ని కూడా ధరలో కలుపుకుంటాడు. పునరుత్పాదక విద్యుత్తులో ఇంధనం ఖర్చు లేదు, ఖర్చంతా మొదటి రోజే పెట్టాలి. కనుక అప్పు మీద వడ్డీయే దాని అసలు ధర. ప్రభుత్వం మాట మీద నమ్మకం పోతే ఆ వడ్డీ పెరుగుతుంది.

నీటికి ఇద్దరు యజమానులు

సాయంత్రం లోటును నిమిషాల్లో పూడ్చగలిగే పాత వనరు జల విద్యుత్తు. గేటు తెరిస్తే టర్బైన్‌ కొద్ది నిమిషాల్లోనే పూర్తి స్థాయికి వస్తుంది. ఆ మాటకొస్తే మన దగ్గర పునరుత్పాదక విద్యుత్‌ చరిత్ర సోలార్‌తో మొదలవలేదు. 1955లో మాచ్‌ఖండ్‌తో, ఆ తర్వాత సీలేరుతో, నాగార్జునసాగర్‌తో నడిచింది. శ్రీశైలం కుడిగట్టున 770, ఎడమగట్టున భూగర్భంలో 900 మెగావాట్ల కేంద్రాలున్నాయి. ఎడమగట్టు యూనిట్లకు ఒక ప్రత్యేకత ఉంది. అవి వెనక్కి కూడా తిరుగుతాయి. కరెంటు మిగిలినప్పుడు దిగువ నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు మళ్లీ వదలవచ్చు. సాగర్‌ ప్రధాన కేంద్రంలోనూ ఇలాంటివి ఏడున్నాయి. ఇప్పుడు ‘పంప్డ్‌ స్టోరేజీ’ అని కొత్తగా చెబుతున్నది మన రెండు ప్రాజెక్టుల్లో ఎప్పటి నుంచో ఉన్నదే.

ఉన్నా, ఆ నీరు కరెంటు ఒక్కదాని కోసం కాదు. 2021 జూన్‌ చివర్లో తెలంగాణ తన జల విద్యుత్‌ కేంద్రాలను పూర్తి సామర్థ్యంతో నడపాలని ఉత్తర్వు ఇచ్చింది. శ్రీశైలం నీటిమట్టం 854 అడుగులకు చేరక ముందే కరెంటు కోసం నీళ్లు వదిలేస్తే పోతిరెడ్డిపాడు నుంచి రాయలసీమకు నీరు అందదని ఆంధ్రప్రదేశ్‌ గగ్గోలు పెట్టింది. తర్వాతి వారాల్లో ప్రాజెక్టుల గట్లపై రెండు రాష్ట్రాల పోలీసులు మోహరించారు. కరెంటు వాళ్లకు సాయంత్రం గంట ముఖ్యం, సాగునీటి వాళ్లకు ఖరీఫ్‌ నారుమడి ముఖ్యం. ఒకే చుక్క నీటికి రెండు గడియారాలు. దీన్ని తీర్చడం ఇంజినీర్ల చేతుల్లో లేదు. మూల్యం సంగతికొస్తే, శ్రీశైలం జలాశయం 1981లో దాదాపు వంద ఊళ్లను ముంచింది. ఆ నిర్వాసితుల మూడో తరం ఇంకా పరిహారం, ఉద్యోగాల కోసం కార్యాలయాల చుట్టూ తిరుగుతోంది. 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమగట్టు కేంద్రంలో చెలరేగిన మంటలు 9 మందిని బలిగొన్నాయి. పొగ లేని కరెంటుకు ప్రమాదం కూడా ఉండదనుకోవడానికి లేదు.

నదితో సంబంధం లేకుండా రెండు చెరువులు కట్టి వాటి మధ్యే నీటిని ఎక్కిస్తూ దించుతూ ఉండే పద్ధతి ఈ తగాదాకు ఒక విరుగుడు. నంద్యాల జిల్లా పాణ్యం మండలం పిన్నాపురంలో గ్రీన్‌కో చేపట్టిన 1,680 మెగావాట్ల ప్రాజెక్టు అలాంటిదే. నీళ్లు ఒకసారి నింపుకుంటే చాలు, తర్వాత ఆవిరైనంత మేర కలుపుకుంటారు. పైకి తోడటానికి 100 యూనిట్లు ఖర్చయితే తిరిగి వచ్చేది 75 నుంచి 80. అంటే అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా దారిలో పోతుంది. అయినా సున్నా రూపాయల మధ్యాహ్నాన్ని 10 రూపాయల సాయంత్రంగా మార్చే యంత్రానికి అది భరించదగ్గ నష్టమే. ఇబ్బంది ఎత్తున్న కొండల దగ్గర వస్తుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలోని పెదకోట వంటి చోట్ల ప్రతిపాదించిన ప్రాజెక్టులను గిరిజన సంఘాలు వ్యతిరేకిస్తున్నాయి. గిరిజన ప్రాంతాల్లో భూబదిలీని కట్టడి చేసే 1/70 చట్టం, ఊరి మాట అడగాలనే పెసా గ్రామసభలు, షెడ్యూల్డ్‌ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని ప్రైవేటు గనులకు లీజుకు ఇవ్వరాదన్న 1997 నాటి సమత తీర్పు మన దగ్గర ఉన్నాయి. పచ్చ కరెంటు అన్న పేరు పెట్టగానే గ్రామసభల సమ్మతి అడగడం మానేయవచ్చా?

బ్యాటరీలు ఈ మధ్య ఆశ్చర్యపరుస్తున్న రంగం. 2022లో నిల్వ సామర్థ్యం కోసం జరిగిన వేలంలో మెగావాట్‌కు నెలకు 10 లక్షల రూపాయలకు పైగా అద్దె పలికింది. మూడేళ్లలో అది మూడో వంతు కంటే కిందికి పడిపోయింది. కొండ అక్కర్లేదు, నది అక్కర్లేదు, సబ్‌స్టేషన్‌ ఆవరణలోనే పెట్టుకోవచ్చు. రెండు, నాలుగు గంటల సాయంత్రపు లోటుకు ఇది చక్కగా సరిపోతుంది. మూడు రోజుల ముసురుకు సరిపోదు. సెల్స్‌ మాత్రం ఎక్కువగా చైనా నుంచే రావాలి. ప్యానెల్స్‌ దిగుమతి విషయంలో పడిన పాట్లే మళ్లీ పడుతున్నాం.

భూమి ఎవరిది

1 మెగావాట్‌ సౌర విద్యుత్తుకు 4 నుంచి 5 ఎకరాలు కావాలి. రెవెన్యూ అడంగల్‌లో బంజరు అని రాసి ఉన్నంత మాత్రాన ఆ నేల మీద ఎవరూ బతకడం లేదని కాదు. సీమలో ప్రభుత్వం పంచిన భూమికి డీకేటీ పట్టా చేతిలో ఉన్నవాడు, పట్టా కాగితం లేకుండానే తాతల నాటి నుంచి వేరుసెనగ వేస్తున్నవాడు, గొర్రెలు తోలుకుని తిరిగేవాడు పక్కపక్కనే ఉంటారు. భూసేకరణలో పట్టాదారుకు ఒక ధర, డీకేటీకి ఒక ధర, కాగితం లేనివాడికి కోర్టు మెట్లు. గొర్రెల కాపరి పేరు ఏ జాబితాలోనూ ఉండదు.

అనంతపురం సరిహద్దుకు ఆనుకుని, తెలుగు బాగా వినిపించే కర్ణాటక తాలూకా పావగడ మరో దారి చూపింది. అక్కడ దాదాపు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు కట్టారు, భూమి మాత్రం కొనలేదు. ఎకరాకు ఏటా 21 వేల రూపాయల కౌలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. హక్కు రైతు పేరు మీదే ఉంది. వరుస కరవులతో విసిగిన మెట్ట రైతుకు ఇది నికర ఆదాయం. మన దగ్గర కూడా ఈ నమూనా రావాలని గట్టిగా చెబుతాను. అయితే పావగడ కూడా పూర్తి సమాధానం కాదు. కౌలు వచ్చేది భూమి ఉన్నవాడికే. ఆ పొలాల్లో కలుపు తీసి, కాయలు ఒలిచి బతికిన కూలీలకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, పని పోయింది. పార్కులో గడ్డి కోయడానికి, ప్యానెల్స్‌ కడగడానికి, కాపలాకు ఎంతమంది కావాలి?

పక్షుల సంగతీ ఉంది. రాజస్థాన్‌, గుజరాత్‌ మైదానాల్లో సౌర, పవన కేంద్రాల కోసం వేసిన హైటెన్షన్‌ తీగలు తగిలి బట్టమేక పక్షులు చచ్చిపోతున్నాయని సుప్రీంకోర్టు 2021లో తీగలను భూగర్భంలో వేయమంది. అది ఆచరణలో కష్టమని 2024లో నిపుణుల కమిటీకి అప్పగించింది. మన నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో పెట్టింది ఈ పక్షి కోసమే. సోలార్‌ పార్కులు రాకముందు నుంచే అక్కడ వాటి సంఖ్య పడిపోతూ వచ్చింది. కాబట్టి ఆ నేరం ప్యానెల్స్‌ మీద వేయలేం. గడ్డి భూమిని ఖాళీ భూమిగా చూసే మన చూపు మాత్రం మారలేదు.

నీటి మీద ప్యానెల్స్‌ పరిచే పద్ధతి నేల కొట్లాటను కొంత తప్పిస్తుంది. రామగుండంలో ఎన్టీపీసీ తన జలాశయంలో 500 ఎకరాల మేర 100 మెగావాట్ల తేలే కేంద్రాన్ని 2022లో పూర్తి చేసింది. కింది నీటి చల్లదనానికి ప్యానెల్‌ వేడెక్కడం తగ్గుతుంది, నీడకు ఆవిరి తగ్గుతుంది. ఖర్చు నేల మీద కంటే ఎక్కువ. చేపలు పట్టి బతికేవాళ్లున్న చెరువుల్లో దీన్ని పెట్టే ముందు మాత్రం వాళ్లను అడగాలి.

మిగిలిన వనరుల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. వరి ఊకతో నడిచే బయోమాస్‌ కేంద్రాలు పగలూ రాత్రీ కరెంటు ఇవ్వగలవు. కానీ కేంద్రం పెట్టగానే ఊక ధర పెరిగింది, ఇటుక బట్టీలు పోటీకొచ్చాయి, చాలా కేంద్రాలు మూతపడ్డాయి. హైదరాబాద్‌ జవహర్‌నగర్‌లో చెత్త కాల్చి కరెంటు తీస్తున్నారు. అది చెత్త సమస్యకు పాక్షిక పరిష్కారమే తప్ప కరెంటు పరిష్కారం కాదు. మణుగూరు దగ్గర పగిడేరులో భూమిలోంచి ఉబికే వేడినీటితో సింగరేణి 20 కిలోవాట్ల ప్రయోగ కేంద్రం పెట్టింది. ముచ్చటైన ప్రయోగం.

మిద్దె మీది లెక్క

పీఎం సూర్యఘర్‌ కింద 3 కిలోవాట్ల ఇంటి ప్యానెల్స్‌కు 78 వేల రూపాయల రాయితీ ఇస్తున్నారు. లైన్ల నష్టం లేదు, భూమి అక్కర్లేదు, కాబట్టి నష్టాలు తక్కువున్న సౌర విద్యుత్‌ ఇదే. అయితే సొంత మిద్దె ఉన్నవాడికే ఇది అందుతుంది. అద్దె ఇంటివాళ్లకు, అపార్ట్‌మెంట్‌ రెండో అంతస్తు వాళ్లకు దారి సులువు కాదు. నెట్‌ మీటర్‌ పద్ధతిలో గృహయజమాని మధ్యాహ్నం ఇచ్చిన చవక యూనిట్‌కు బదులు సాయంత్రం ఖరీదైన యూనిట్‌ తీసుకుంటాడు. తేడా భరించేది డిస్కం, అంటే మిగతా వినియోగదారులు. బాగా బిల్లు కట్టే ఇళ్లే ముందుగా తప్పుకుంటే, మిగిలిన పేద, మధ్యతరగతి ఇళ్ల మీద స్తంభాల, తీగల ఖర్చు పడుతుంది. రాయితీలో ఒక ముక్కను ఇంటి బ్యాటరీకి మళ్లించడం ఇప్పుడు చేయాల్సిన పని.

వేళను బట్టి ధర ఉండాలన్న నిబంధనను కేంద్రం 2023లోనే తెచ్చింది. ఎండ ఉన్న గంటల్లో మామూలు ధర కంటే 10 నుంచి 20 శాతం తక్కువ, రద్దీ గంటల్లో అంత మేర ఎక్కువ. వ్యవసాయం మినహా అందరికీ 2025 ఏప్రిల్‌ నుంచి వర్తించాలన్నారు. స్మార్ట్‌ మీటర్ల మీద ఉన్న అనుమానాలు, గొడవల వల్ల ఇళ్ల దాకా అది రావడం మందకొడిగా సాగుతోంది. అనుమానాలకు కారణం లేకపోలేదు. సాయంత్రం బాదుడు గురించి జనం వింటున్నారు, మధ్యాహ్నం తగ్గింపు గురించి ఎవరూ చెప్పడం లేదు. ముందు ఆరు నెలలు తగ్గింపు మాత్రమే అమలు చేసి చూపిస్తే పరిస్థితి మారుతుంది. వాటర్‌ ట్యాంకు మోటారు, వాషింగ్‌ మెషిన్‌, విద్యుత్‌ స్కూటర్‌ చార్జింగ్‌ మధ్యాహ్నానికి జరిగితే ఆ మేరకు సాయంత్రం బొగ్గు మిగులుతుంది.

2024 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్‌, 2025 జనవరిలో తెలంగాణ కొత్త స్వచ్ఛ ఇంధన విధానాలు ప్రకటించాయి. వేల మెగావాట్లు, లక్షల కోట్లు వాటిలో ఘనంగా ఉన్నాయి. ప్యానెల్స్‌ పెట్టడానికి ఏడాది, ఏడాదిన్నర చాలు, ఆ కరెంటును మోసుకెళ్లే హైటెన్షన్‌ లైనుకు మూడేళ్లకు పైగా పడుతుంది. రాజస్థాన్‌లో లైన్లు సిద్ధం కాక తయారైన కరెంటునే ఆపేయాల్సి వస్తోంది. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు లైను ఎప్పటికి వస్తుందో, కరెంటు ఏ గంటల్లో వస్తుందో, అందులో ఎంత నిల్వ చేసి సాయంత్రం ఇస్తారో రాయని కొనుగోళ్లకు నియంత్రణ మండళ్లు ఇక అనుమతి ఇవ్వకూడదు. డిస్కంలు ఏటా వేసే ఆదాయ అవసరాల నివేదికలో సగటు ధర పక్కన గంటలవారీ ధర కూడా అచ్చు వేయించాలి. దానిపై నియంత్రణ మండలి విచారణకు వెళ్లే రైతు సంఘాలు, వినియోగదారుల సంఘాలు ఈసారి అడగాల్సింది ఆ కాగితమే.

ఇంకొక లెక్క ఎవరి పద్దులోనూ లేదు. ఈ ఒప్పందాలు 25 ఏళ్లవి. గని, శకునాల పార్కుకు ఆ గడువు 2042 ప్రాంతంలో తీరుతుంది. అప్పటికి కాలం చెల్లిన 40 లక్షల ప్యానెల్స్‌లో గాజు, అల్యూమినియం, వెండితో పాటు సీసం కూడా ఉంటుంది. 2022 ఈ-వ్యర్థాల నిబంధనలు సౌర ప్యానెల్స్‌ వ్యర్థాలను 2034-35 దాకా భద్రంగా నిల్వ చేయమన్నాయి. ఎవరు విప్పాలి, ఎవరి ఖర్చుతో ఎక్కడికి చేర్చాలి, నేలను ఏ స్థితిలో తిరిగి అప్పగించాలి అన్నవి కొత్త ఒప్పందాల్లోనైనా రాసి, యూనిట్‌కు కొన్ని పైసల చొప్పున ఇప్పటి నుంచే పక్కన పెట్టించాలి. దీనికి కొత్త చట్టం వెతకనక్కర్లేదు. బొగ్గు గని తవ్వేవాడి దగ్గర మూసివేత ఖర్చు కింద ఏటా ఎస్క్రో ఖాతాలో సొమ్ము జమ చేయించుకునే పద్ధతి మనకు ఎప్పటి నుంచో ఉంది.